ఆ మెరుపు గుర్తు చెప్పేది సైటు గురించి కాదు

బ్రౌజర్ పైన, అడ్రస్ బార్ పక్కన, చిన్న మెరుపు గుర్తు పెట్టే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) కొన్ని ఉన్నాయి. బ్రౌజరూ, సైటుని పంపే కంప్యూటరూ (సర్వరు) మాట్లాడుకునే పద్ధతిని హెచ్‌టీటీపీ అంటారు. మీరు తెరిచిన సైటు హెచ్‌టీటీపీ/2 మీద వచ్చిందా, హెచ్‌టీటీపీ/3 మీద వచ్చిందా, ఇంకా పాత 1.1 మీదే నడుస్తోందా అన్నది ఆ గుర్తు రంగుని బట్టి తెలిసిపోతుంది. వెబ్ పని చేసేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు దాన్ని పెట్టుకుని ముచ్చటపడ్డవాళ్లే. నేనూ చాలాకాలం వాడాను. సరదాగానే ఉంటుంది. నా గొడవంతా దాన్ని చూసి జనం చెప్పుకునే మాట మీద: "ఈ సైటు హెచ్‌టీటీపీ/3 సైటు", "ఆ సైటు ఇంకా 2 లోనే ఉంది" అని. వెర్షన్ అనేది సైటుకి పుట్టుమచ్చలా ఉండదు. మీ బ్రౌజరు, మీరు ఉన్న నెట్‌వర్కు, అవతల మీకు దొరికిన సర్వరు కలిసి అప్పటికప్పుడు కుదుర్చుకున్న ఒప్పందం అది. సైటులో ఒక్క అక్షరం మారకుండానే పది నిమిషాల్లో ఇంకో ఒప్పందం కుదరొచ్చు.

ఇలాంటి ఎక్స్‌టెన్షన్ అసలు ఎందుకు పుట్టిందో చూస్తే, అప్పట్లో ఆ ఆసక్తి సబబే అనిపిస్తుంది. హెచ్‌టీటీపీ/1.1 తొలి రూపం 1997 నాటిది, 1999లో దాన్ని సవరించారు. అందులో ఒక కనెక్షన్ మీద ఒక జవాబు పూర్తిగా వచ్చాకే తర్వాతి జవాబు. అందుకని బ్రౌజర్లు ఒక్కో హోస్టుకి (అంటే ఒక్కో సైటు పేరుకి) ఆరేసి కనెక్షన్లు తెరిచేవి. ఆ ఆరూ చాలక మనవాళ్లు స్టాటిక్1, స్టాటిక్2 అంటూ సబ్‌డొమైన్లు (అదే సైటుకి అదనపు పేర్లు) పెట్టి ఫైళ్లని పంచేవాళ్లు. ఐకాన్లన్నీ కలిపి ఒకే పెద్ద బొమ్మగా అతికించి, సీఎస్ఎస్‌తో (పేజీ రూపం దిద్దే కోడ్‌తో) ఏ ముక్క కావాలంటే ఆ ముక్క చూపించేవాళ్లు. ఆ పిక్సెల్ లెక్కలు వేసినవాళ్లకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 2009 నవంబరులో గూగుల్‌లో మైక్ బెల్షీ, రాబర్టో పియాన్ స్పీడీ అనే ప్రయోగం బయటపెట్టారు. ఒకే కనెక్షన్ మీద చాలా అభ్యర్థనలు, వాటి జవాబులు కలగలిసి ఒకేసారి ప్రయాణించే ఏర్పాటు అది. క్రోమ్‌లో పెట్టారు, గూగుల్ సొంత సైట్లలో పెట్టారు, 2012లో ట్విటర్ కూడా అందుకుంది. కానీ బయటి మనిషికి ఏమీ కనబడదు. అడ్రస్‌లో అదే హెచ్‌టీటీపీఎస్, అదే పేజీ. కనబడని మార్పుని కనబడేలా చెయ్యడానికి ఆ మెరుపు పుట్టింది.

2015 మేలో స్పీడీ నుంచి వచ్చిన హెచ్‌టీటీపీ/2 అధికారిక ప్రమాణం అయింది, మరుసటి ఏడు క్రోమ్ స్పీడీని తీసేసింది. (ఫైర్‌ఫాక్స్ మాత్రం హెచ్‌టీటీపీ/2 జవాబుల హెడర్లలో, అంటే పేజీతో పాటు వచ్చే సమాచార చీటీల్లో, చాలా ఏళ్లపాటు 'ఎక్స్-ఫైర్‌ఫాక్స్-స్పీడీ' అనే పేరుతోనే వెర్షన్ చూపించింది. పోయినవాళ్ల పేరు మీద కరెంటు బిల్లు వస్తూనే ఉన్నట్టు.) 2022 జూన్‌లో హెచ్‌టీటీపీ/3 ప్రమాణం వచ్చింది. దీనికి అడుగున టీసీపీ (డేటాని ముక్కలుగా, వరస తప్పకుండా చేరవేసే పాత పద్ధతి) లేదు, యూడీపీ (వరస, హామీ లేకుండా ముక్కలు పంపే తేలిక పద్ధతి) మీద నడిచే క్విక్ అనే కొత్త రవాణా పద్ధతి ఉంది.

ఇప్పుడు ఆ ఒప్పందం ఎలా కుదురుతుందో కొంచెం దగ్గర నుంచి చూద్దాం. నా వాదన నిలబడేదీ పడేదీ ఇక్కడే.

మీరు అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కగానే బ్రౌజరు సర్వరుతో టీసీపీ కనెక్షన్ తెరిచి, టీఎల్ఎస్ (మధ్యలో ఎవరూ చదవకుండా కనెక్షన్‌ని మూసే పద్ధతి) పలకరింపు మొదలుపెడుతుంది. ఆ పలకరింపు మొదటి సందేశంలోనే, ఏఎల్‌పీఎన్ అనే చోట, "నాకు హెచ్2 వచ్చు, 1.1 వచ్చు" అని జాబితా ఇస్తుంది (హెచ్2, హెచ్3 అంటే హెచ్‌టీటీపీ/2, హెచ్‌టీటీపీ/3 కి పొట్టిపేర్లు). సర్వరు అందులోంచి ఒకటి ఎంచుకుంటుంది. హెచ్‌టీటీపీ/3కి ఈ దారి పనికిరాదు, ఎందుకంటే అప్పటికే మనం టీసీపీలో ఉన్నాం. అందుకని సర్వరు పేజీతో పాటు ఆల్ట్-ఎస్‌వీసీ అనే హెడర్ పంపిస్తుంది: "నేను యూడీపీ 443 పోర్టులో హెచ్3 కూడా మాట్లాడతాను, ఈ మాట 86400 సెకన్ల దాకా గుర్తుంచుకో" అని. (పోర్టు అంటే సర్వరులోకి ఉన్న నంబరు గుమ్మం.) బ్రౌజరు గుర్తుంచుకుని తర్వాతి కనెక్షన్‌కి అటు ప్రయత్నిస్తుంది.

మీరే చేసి చూడండి. బ్రౌజర్‌లో కొత్త ప్రొఫైల్ తెరిచి, హెచ్‌టీటీపీ/3 ఇచ్చే సైటు ఏదైనా తెరవండి. చాలాసార్లు మొదట హెచ్2 రంగు వస్తుంది. కాసేపాగి మళ్లీ తెరిస్తే హెచ్3. ఆ రెండింటి మధ్యలో సైటు వాళ్లు చేసిందేమీ లేదు, మీ బ్రౌజరుకి ఒక విషయం తెలిసింది, అంతే. కొన్ని సైట్లకి మొదటిసారే హెచ్3 వచ్చేస్తుంది, వాళ్లు డీఎన్ఎస్‌లోనే (సైటు పేరుకి సర్వరు అడ్రసు చెప్పే జాబితాలోనే) హెచ్‌టీటీపీఎస్ రికార్డు పెట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తారు కాబట్టి. ఆ రికార్డుకి ప్రమాణం 2023 నవంబరులో వచ్చింది. మీ డీఎన్ఎస్ ఆ రికార్డుని సరిగ్గా తెచ్చిపెట్టకపోతే మళ్లీ హెచ్2తోనే మొదలు.

ఇక నెట్‌వర్కు మారితే చెప్పక్కర్లేదు. చాలా ఆఫీసుల్లో ఫైర్‌వాల్ (నెట్‌వర్కుకి కాపలా కాసేది) యూడీపీ 443ని ఆపేస్తుంది. బ్రౌజరు కిక్కురుమనకుండా టీసీపీకి వెనక్కొస్తుంది, గుర్తు హెచ్2 చూపిస్తుంది. ఇంకొన్ని చోట్ల మధ్యలో కూర్చున్న ప్రాక్సీ టీఎల్ఎస్‌ని విప్పి, లోపల చూసి, మళ్లీ కట్టి పంపిస్తుంది. ఆ ప్రాక్సీకి హెచ్2 రాకపోతే ప్రపంచంలోని సైట్లన్నీ మీకు 1.1 గానే కనిపిస్తాయి. సాయంత్రం ఇంటికెళ్లి అదే ల్యాప్‌టాప్‌లో అదే సైటు తెరిస్తే హెచ్3. ఆ గుర్తు వల్ల నాకు నిజంగా కలిగిన లాభం ఏదైనా ఉందంటే ఇదే: ఒకే సైటుకి రంగు మారినప్పుడల్లా నా దారిలో ఏదో మారిందని తెలిసేది. ఉన్నచోటే ఉండి రంగు మారకపోతే అది నాకు చెప్పిందేమీ లేదు.

విజయవాడలో బట్టల షాపు పెట్టుకున్న ఒక పెద్దాయన సైటు మేం చూస్తాం. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు. "బాబూ, మా వాడు కంప్యూటర్లో చూపించాడు. పక్కషాపోళ్ల సైటుకి మెరుపు ఇంకో రంగులో వస్తోందంట. మనదానికి రావట్లేదంట. అదేదో మనక్కూడా వేసెయ్యి."

"వెయ్యొచ్చండీ. కానీ మీ సైటు నిదానంగా రావడానికి కారణం అది కాదండీ."

"మరి వాళ్లది గబుక్కున వస్తోందిగా?"

దీనికి జవాబు లెక్కలో ఉంది. ఆయన సైటు అమెరికాలో చవగ్గా దొరికిన సర్వరు మీద ఉంది. ఇక్కణ్ణుంచి అక్కడికి ఒక ప్యాకెట్ (డేటా ముక్క) పోయి రావడానికి, అంటే ఒక రౌండుకి, 250 మిల్లీసెకన్లు అనుకుందాం. టీసీపీ పలకరింపుకి ఒక రౌండు, టీఎల్ఎస్ 1.2 అయితే దానికి రెండు, పేజీ అడిగి తెచ్చుకోడానికి ఇంకొకటి. నాలుగు రౌండ్లు, అంటే తెర మీద ఏమీ పడకముందే 1 సెకను అయిపోయింది. టీఎల్ఎస్ 1.3 అయితే మూడు రౌండ్లు, 750 మిల్లీసెకన్లు. హెచ్‌టీటీపీ/3 లో రవాణా పలకరింపు, టీఎల్ఎస్ పలకరింపు ఒకే రౌండులో అయిపోతాయి కాబట్టి రెండు రౌండ్లు, 500. పావు సెకను మిగిలింది. తక్కువేమీ కాదు.

ఇప్పుడు వెర్షన్ జోలికి పోకుండా సర్వరుని ముంబైకి మార్చామనుకోండి. రౌండుకి 25 మిల్లీసెకన్లు వేసుకుందాం. అదే హెచ్2, అదే టీఎల్ఎస్ 1.3, మూడు రౌండ్లు: 75. అంటే 750 కాస్తా 75 అయింది. దాని మీద హెచ్‌టీటీపీ/3 కూడా పెడితే 50. ముందు 675 మిల్లీసెకన్ల సంగతి చూసి, తర్వాత ఆ 25 గురించి మాట్లాడుకోవచ్చు. పైగా ఆయన చీరల ఫొటోలు ఫోన్‌లో తీసినవి తీసినట్టే, ఒక్కోటి నాలుగైదు ఎంబీలు, పేజీలో పెట్టేశారు. వాటిని కుదించి, సర్వరు మార్చాం. మెరుపు రంగు అలాగే ఉంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు, వాళ్లబ్బాయి మాత్రం ఎత్తుతూనే ఉన్నాడు.

హెచ్‌టీటీపీ/3 ఉత్తి హంగామా అని నేను అనట్లేదు. హెచ్‌టీటీపీ/2 లో ఒక పాత రోగం పోలేదు. అభ్యర్థనలన్నీ ఒకే టీసీపీ కనెక్షన్ మీద కలిసి వెళ్తున్నాయి కదా, దారిలో ఒక్క ప్యాకెట్ పోతే టీసీపీ అది మళ్లీ వచ్చేదాకా వెనకున్నవన్నీ ఆపేస్తుంది, అవి వేరే ఫైలువైనా సరే. సిగ్నల్ బాగా ఉన్న వైఫైలో ఇది తెలియదు. హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సులో సూర్యాపేట దాటాక ఫోన్ పట్టుకుని కూర్చుంటే తెలుస్తుంది. క్విక్ లో ఒక్కో ఫైలుకీ స్ట్రీమ్ అనే వేరే పాయ ఉంటుంది, ఏ స్ట్రీమ్‌లో ప్యాకెట్ పోతే ఆ స్ట్రీమే ఆగుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. ఇంకొకటి: టీసీపీ కనెక్షన్‌ని గుర్తుపట్టేది రెండు వైపుల ఐపీ అడ్రసులు, పోర్టులతో. ఇంటి వైఫై వదిలి గేటు దాటగానే ఫోన్ మొబైల్ డేటాకి మారుతుంది, అడ్రసు మారుతుంది, కనెక్షన్ తెగుతుంది. క్విక్ లో కనెక్షన్‌కి సొంత ఐడీ ఉంటుంది. బ్రౌజరూ సర్వరూ రెండూ సహకరిస్తే అడ్రసు మారినా మాట తెగకుండా సాగుతుంది. మన దగ్గర జనం వెబ్ చూసేది ఎక్కువగా ఫోన్లలోనే కాబట్టి ఇది మనకి గట్టి మేలే. కానీ ఆ ఎక్స్‌టెన్షన్ ఉండేది ఎక్కడ? ఆఫీసులో డెస్క్‌టాప్ బ్రౌజర్‌లో, తీగతో బిగించిన నెట్ మీద. హెచ్‌టీటీపీ/3 విలువ తెలియాల్సిన చోట గుర్తు లేదు, గుర్తు ఉన్నచోట ఆ విలువ పెద్దగా తెలియదు.

గుర్తు దాచేసే సంగతులు ఇంకా ఉన్నాయి. ఇలాంటి ఎక్స్‌టెన్షన్ సాధారణంగా బ్రౌజరు ఇచ్చే పర్ఫార్మెన్స్ సమాచారంలో నెక్స్ట్‌హాప్‌ప్రోటోకాల్ అనే విలువని చదువుతుంది. అది చెప్పేది మీకూ మీకు దగ్గరలో ఉన్న మొదటి మజిలీకీ మధ్య జరిగిన సంగతి మాత్రమే. సైటు ముందు సీడీఎన్ (సైటు కాపీల్ని ఊరూరా పెట్టి దగ్గర నుంచే పంపే సేవ) ఉంటే ఆ మజిలీ సీడీఎన్ వాళ్ల పెట్టె. అక్కణ్ణుంచి అసలు సర్వరు దాకా ఏ వెర్షన్‌లో వెళ్లిందో మీ బ్రౌజరుకి తెలిసే దారే లేదు. ఇంజిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ సంగతే చూడండి. ముందువైపు హెచ్‌టీటీపీ/2 ని 2015 లోనే, హెచ్‌టీటీపీ/3 ని 2023 లో 1.25.0 వెర్షన్‌తో ఇచ్చింది. వెనకవైపు అప్లికేషన్‌కి పంపేటప్పుడు మాత్రం, మనం సెట్టింగ్ మార్చకపోతే, ఏళ్ల తరబడి హెచ్‌టీటీపీ/1.0 వాడింది. 1996 నాటి ప్రమాణం! ముందు హెచ్3 మెరుపు, వెనక 1.0. దానివల్ల నష్టమేమీ లేదు కూడా, రెండూ ఒకే మెషీన్‌లో పక్కపక్కన ఉంటే ఎవరికీ పట్టింపు ఉండదు. నేననేది ఒకటే, గుర్తు చూసి "వీళ్ల సిస్టమ్ అంతా కొత్తది" అనుకోవడానికి ఆధారం లేదు.

మన వార్తా సైటు ఏదైనా తెరవండి. గుర్తు మహా ధీమాగా హెచ్3 చూపిస్తుంది. అది మొదటి హెచ్‌టీఎంఎల్ ఫైలు సంగతి. ఆ పేజీ ప్రకటనలకి, ట్రాకర్లకి, వీడియో ప్లేయర్‌కి, ఫాంట్లకి డజన్ల కొద్దీ వేరే డొమైన్లని పిలుస్తుంది. కలగలిపి పంపడం అనే సుగుణం ఒక కనెక్షన్ లోపలే పనిచేస్తుంది. కొత్త డొమైన్ అంటే మామూలుగా కొత్త డీఎన్ఎస్ వెతుకులాట, కొత్త పలకరింపు. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్-8 లో (అక్షరాల్ని కంప్యూటర్లో దాచే పద్ధతిలో) కనీసం 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి తెలుగు పేజీలు బరువు అని ఒక మాట వింటుంటాం. కంప్రెస్ చేశాక ఆ బరువు చాలావరకు దిగిపోతుంది. ఒక వార్తలో ఉన్న తెలుగు అంతా కలిపినా పక్కన తిరుగుతున్న ఒక ప్రకటన బొమ్మకి సరిపోదు. ఆ ప్రకటన ఏ వెర్షన్‌లో వచ్చిందో ఎక్స్‌టెన్షన్ చాలాసార్లు చెప్పలేదు కూడా, ఎందుకంటే అవతలి డొమైన్ ప్రత్యేకంగా అనుమతి హెడర్ పంపకపోతే బ్రౌజరు ఆ విలువని ఖాళీగా ఇస్తుంది.

ఒకే రంగున్న రెండు సైట్లు ఒకేలా పనిచేస్తాయన్న భరోసా కూడా లేదు. హెచ్‌టీటీపీ/2 లో ఏ ఫైలు ముందు పంపాలి, ఏది తర్వాత అని బ్రౌజరు చెప్పే ప్రాధాన్య ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని చాలా సర్వర్లు, సీడీఎన్‌లు పట్టించుకోనే లేదు. వెబ్ వేగం మీద పనిచేసే ఆండీ డేవీస్, పాట్రిక్ మీనన్ ఇద్దరూ ఒక్కో సీడీఎన్‌ని పరీక్షించి, ఎవరు పాటిస్తున్నారో ఎవరు పాటించట్లేదో పట్టిక పెడితే, పాటించనివాళ్ల జాబితా పొడుగ్గా తేలింది. తెర మీద కనిపించాల్సిన బొమ్మ వెనకబడి, పేజీ అడుగున ఉన్న బొమ్మ ముందొస్తుంది. మెరుపు మాత్రం అందరికీ ఒకటే. సర్వర్ పుష్ (అడగకముందే సర్వరే ఫైళ్లు పంపెయ్యడం) అని హెచ్‌టీటీపీ/2 లో బాగా ఊదరగొట్టిన సదుపాయం ఇంకోటి ఉండేది, 2022లో క్రోమ్ 106 దాన్ని ఆపేసింది. వెర్షన్ అంకె అలాగే ఉంది, లోపల సరుకు మారిపోయింది.

ఇక అనుమతుల సంగతి. ఇదొక్కటే నన్ను ఆ ఎక్స్‌టెన్షన్ తీసేసేలా చేసింది. మీరు ఏమీ నొక్కకుండానే ప్రతి సైటుకీ రంగు మార్చాలంటే, అది ప్రతి పేజీలోకీ తొంగి చూడాలి. అంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "మీరు తెరిచే అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాని చదవగలదు, మార్చగలదు" అన్న దానికి మీరు సరే అనాలి. బ్యాంకు పేజీ, మెయిలు, ఆసుపత్రి రిపోర్టు, అన్నీ అందులోకే వస్తాయి. ఇప్పుడు రాసినవాళ్లు మంచివాళ్లే కావచ్చు. రేపు దాన్ని ఎవరికి అమ్ముతారో? గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది, వాడని ట్యాబుల్ని నిద్రపుచ్చేది, 20 లక్షల మందికి పైగా వాడేవాళ్లు. 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసి, జనం బ్రౌజర్లలో కూడా ఆపేసింది. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే డేటా భద్రతా సంస్థ ఎక్స్‌టెన్షన్‌లోకే, వాళ్ల ఉద్యోగిని మోసగించి, దొంగ వెర్షన్ ఎక్కించారు. ఆటోమేటిక్ అప్‌డేట్ కాబట్టి వాడేవాళ్లకి తెలిసే అవకాశమే లేదు. ఒక రంగు చూసుకోవడం కోసం ఇంత ఇవ్వాలా? నొక్కినప్పుడు మాత్రమే ఆ ఒక్క ట్యాబుని చూసే చిన్న అనుమతి కూడా బ్రౌజర్లలో ఉంది. రాసేవాళ్లు దానితో సరిపెట్టుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. కాకపోతే అడక్కుండానే రంగు మారడంలో ఉన్న ఆకర్షణ పోతుంది, డౌన్‌లోడ్లు తగ్గుతాయి. అందుకే చెయ్యరు.

"అయితే బ్రౌజరే అడ్రస్ బార్‌లో వెర్షన్ చూపిస్తే పోలా?" అంటారు కొందరు మిత్రులు. వద్దనే అంటాను. తాళం గుర్తు ఏమైందో చూశాం. అది చెప్పేది కనెక్షన్ మధ్యలో ఎవరూ వినలేరన్న మాట ఒక్కటే. జనం దాన్ని "ఈ సైటు నమ్మకమైనది" అని చదువుకున్నారు. దొంగ సైట్ల వాళ్లు కూడా ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చుకుని అదే తాళం చూపించారు. చివరికి 2023 సెప్టెంబరులో క్రోమ్ 117 ఆ తాళాన్ని తీసేసి మామూలు సెట్టింగ్స్ గుర్తు పెట్టింది. సైటు గుణంతో ఏ సంబంధం లేని ఇంకో అంకె తీసుకొచ్చి అదే చోట పెడితే, షాపు పెద్దాయన లాంటివాళ్లకి పొద్దున్నే ఫోన్ చెయ్యడానికి ఇంకో కారణం దొరుకుతుంది, అంతే.

వెర్షన్ చూడాల్సిన అవసరం నిజంగా ఉన్నవాళ్లకి బ్రౌజర్‌లోనే సదుపాయం ఉంది. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబులో నిలువు వరసల శీర్షికల మీద రైట్ క్లిక్ చేసి, ప్రోటోకాల్ అన్నది టిక్ పెట్టండి. మొదటి ఫైలుకే కాదు, ప్రకటనలతో సహా ప్రతి అభ్యర్థనకీ పక్కనే హెచ్3, హెచ్2, 1.1 అని కనిపిస్తుంది. ఏది ఎంతసేపు పట్టింది, ఆ సమయంలో పలకరింపుకి ఎంత, సర్వరు ఆలోచించుకోడానికి ఎంత అన్నది కూడా అక్కడే. ఒక పేజీని ఇలా తీరిగ్గా చూశాక పక్క షాపు రంగు గురించి అడగాలనిపించదు. ఎవరికీ ఏ అనుమతీ ఇవ్వక్కర్లేదు.

మా ఆఫీసులో ఆ వరసలో హెచ్3 అన్నది ఎప్పుడూ కనబడదు. నెట్‌వర్క్ చూసే కుర్రాణ్ణి అడిగాను, యూడీపీ 443 తెరవొచ్చు కదా అని. "క్విక్ లోపల ఏం పోతోందో మన ఫైర్‌వాల్‌కి కనబడదన్నా, ఆడిటోళ్లు ఒప్పుకోరు" అన్నాడు. అతని ఉద్యోగం అతనిది, వాదించలేదు. క్లయింటు సైటుకి హెచ్‌టీటీపీ/3 పెట్టినరోజు అది పనిచేస్తోందో లేదో చూసుకోవాలంటే ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసుకుంటున్నాను.